సిక్ రూము గీజరు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకి పాత విద్యార్థుల తరఫున ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేశారు. ఆ ఆదివారం మేం అయిదుగురం ఒకచోట కూర్చున్నాం. 2005లో పదో తరగతి పరీక్షలు రాసి, ట్రంకు పెట్టెలు భుజాన వేసుకుని వెళ్ళిపోయిన బ్యాచ్ మాది. ఇప్పుడు మాలో ఒకరు పోర్టులో ట్రెయిలర్ నడుపుతున్నారు. ఒకరు స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడు. ఒకరు బడిపంతులు. ఒకరిది కరెంటు పని. ఇంకొకరికి కూర్మన్నపాలెంలో చిన్న కిరాణా కొట్టుంది. ఏం రాద్దామంటే తలా ఒకటి చెబుతారనుకున్నాం. అందరి నోటా ఒకే మాట వచ్చింది. గీజరు!

నవ్వకండి తమ్ముళ్ళూ. లెక్కల మాస్టారి గురించి, కబడ్డీ కప్పు గురించి, గోడ దూకి చూసొచ్చిన సినిమాల గురించి రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. సిక్ రూము గీజరు గురించి మేం రాయకపోతే ఇంకెవరూ రాయరు. పైగా అందులో మేం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని ఒక తప్పు కూడా ఉంది.

సిక్ రూము మీకు తెలిసిందే. స్టోరు పక్కన రెండు మంచాలు పట్టే గది, దానికో చిన్న బాత్రూము. జ్వరం వచ్చినవాళ్ళు, ఆటలమ్మ పోసినవాళ్ళు అక్కడ పడుకునేవారు. మిగతా అందరికీ స్నానం పెరట్లో సిమెంటు తొట్టి దగ్గరే. తెల్లవారుజామున నాలుగున్నరకి గంట కొడితే చెంబులు పట్టుకుని పరుగు. విశాఖలో చలేమిటని అంటారు గానీ, పుష్యమాసంలో సముద్రపు గాలి వీస్తుంటే తొట్టిలో నీళ్ళు మొదటి చెంబు పోసుకునే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఒకడు పోసుకుని కేక పెడితే ఆ కేకతో మిగతావాళ్ళకి ధైర్యం వచ్చేది.

ఆ బాత్రూము గోడకి, మా చేతికి అందనంత ఎత్తున, 25 లీటర్ల గీజరు ఒకటి ఉండేది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. మేం చూసేసరికి కింద అంచు తుప్పు పట్టి, పైన బూజు పట్టి, దాని మీద విరిగిన చీపుళ్ళూ పాత పరీక్ష అట్టలూ పెట్టి ఉండేవి. పక్క గోడ మీద ఎర్ర రంగుతో దాత పేరు, 1997 అని సంవత్సరం. అక్షరాలు మాత్రం నిగనిగలాడుతూ ఉండేవి.

ఆ దాత మన హాస్టల్లోనే చదువుకున్న పెద్దన్న. వాళ్ళ నాన్నగారి పొలం స్టీల్‌ప్లాంటు కింద పోయింది. వాళ్ళు పెదగంట్యాడ వైపు నిర్వాసితుల కాలనీకి మారారు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం పోరాడితే, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు గారు ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ రెండు తేదీల మధ్యనే పెద్దన్న మన హాస్టల్లో చదివి, ఐటీఐ పూర్తి చేసి, ప్లాంటులో ఎలక్ట్రికల్ పనిలో చేరాడు. ఉక్కునగరంలో క్వార్టరు వచ్చాక కొత్త గీజరు కొనుక్కుని, పాతది ఆటోలో వేసుకొచ్చి తన చేత్తోనే మన సిక్ రూములో బిగించాడు. ఆ రోజు చప్పట్లు కొట్టారట, స్వీట్లు పంచారట. ఆ తర్వాత దాని వైపు ఎవరూ చూడలేదు. రెండేళ్ళు పనిచేసి ఆగిపోయింది. "పాడైంది" అన్నారు. హాస్టల్లో ఒక వస్తువు పాడైందంటే ఇక దాని కథ అయిపోయినట్టే కదా!

2003 నవంబరులో మేం తొమ్మిదో తరగతి. మూడు, నాలుగు తరగతుల చిన్న పిల్లలకి గజ్జి పట్టుకుంది. ముందు ఇద్దరికి, వారం తిరిగేసరికి పదిహేను మందికి. వేళ్ళ సందుల్లో, నడుం చుట్టూ పొక్కులు. రాత్రిళ్ళు నిద్రలేకుండా గోక్కునేవారు. బళ్ళో పక్క పిల్లలు వాళ్ళ బెంచీలో కూర్చోవడం మానేశారు. "హాస్టలోళ్ళకి గజ్జి" అని ఆ వీధిలో ఒక పేరు వచ్చేసింది. మన పిల్లలకి అంతకుముందు నుంచీ ఉన్న పేర్లు చాలవన్నట్టు, ఇదొకటి.

ప్రభుత్వాసుపత్రి నుంచి డాక్టరమ్మ వచ్చి చూశారు. తెల్లమందు ఇచ్చి, "ఇది ఒకడికి రాసి ఒకడికి మానేస్తే లాభం లేదు. గదిలో అందరికీ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాయాలి. వాళ్ళ బట్టలు, దుప్పట్లు బాగా వేడిగా ఉన్న నీళ్ళలో నానబెట్టి, ఎండలో ఆరెయ్యాలి. 50 డిగ్రీలు దాటిన వేడిలో పది నిమిషాలు ఉంటే ఆ పురుగు బతకదు" అన్నారు. వార్డెన్ సార్ మా తొమ్మిదో తరగతి వాళ్ళకి ఆ పని అప్పగించారు.

వేడి నీళ్ళు ఎక్కడివి? వంటింట్లో ఉన్నవి రెండు పొయ్యిలు. ఒకటి అన్నానికి, ఒకటి కూరకి. వంట పిన్ని ఎంత మంచిదైనా, రెండు వందల మందికి వండే పొయ్యి మీద దుప్పట్లకి నీళ్ళు కాచి ఇమ్మంటే ఎలా? అప్పుడు మా కళ్ళు గోడ మీది గీజరు మీద పడ్డాయి.

చీపుళ్ళు దింపి, బూజు దులిపి, నీళ్ళు వదిలి స్విచ్ వేశాం. వెలగదనుకున్న ఎర్ర దీపం వెలిగింది! అరగంటలో నీళ్ళు కాగాయి. కాకపోతే బాగా కాగాక "టక్" మని ఆగిపోయేది. మళ్ళీ పనిచెయ్యాలంటే స్టూలు ఎక్కి, కింద మూత విప్పి, లోపల చిన్న బటన్ నొక్కాలి. అదీ వేడి తగ్గాకే నొక్కుకునేది. ప్రతి గీజరు నీళ్ళకీ ఇదే తంతు. మాలో ఒకడు సెలవుల్లో రేడియోలు బాగుచేసే కొట్లో కూర్చునేవాడు. వాడు లోపలికి తొంగిచూసి, "ఈ డబ్బీ ఊరికే ఆపేస్తోందిరా, దీనితో పనిలేదు" అని రెండు వైర్లు ఊడదీసి, ఒకదానికొకటి మెలిపెట్టి టేపు చుట్టాడు. అంతే! ఇక ఆగడం లేదు. మూడు రోజులు మేం హీరోలం. దుప్పట్లు నానబెట్టాం, పిల్లలకి స్నానాలు చేయించాం. గీజరు లోపల గలగలమని ఏదో చప్పుడు వస్తుండేది. నీళ్ళు మరుగుతున్నాయని సంబరపడ్డాం.

నాలుగో రోజు 2003 డిసెంబరు 14, ఆదివారం. తేదీ మరిచిపోయే వీలులేదు. ఆ పొద్దున్న అడిలైడ్ టెస్టులో ద్రావిడ్, లక్ష్మణ్ ఆడుతున్నారు. ఎదురుగా టీ కొట్లో టీవీ పెట్టారు. స్విచ్ వేసి ఉందన్న మాట మరిచి మేమంతా రోడ్డు దాటి పరుగెత్తాం. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. హాస్టల్ వైపు నుంచి కేక వినబడి వెనక్కి వచ్చేసరికి సిక్ రూము నిండా ఆవిరి. గీజరు కింద ఉండే ఇత్తడి వాల్వులోంచి మరిగే నీళ్ళు బుస్సుమని చిమ్ముతున్నాయి. నాలుగో తరగతి పిల్లాడొకడు తన దుప్పటి కోసం బకెట్టు పట్టుకుని సరిగ్గా దాని కిందే ఉన్నాడట.

వాచ్‌మన్ తాత వాణ్ణి ఒక్క ఊపులో బయటికి లాగి, వసారాలో మెయిన్ ఆపేశాడు. "ఎవుడూ టాపు ముట్టకండ్రా! ఆ గదిలోకి ఎల్లకండి!" అని అరిచాడు. పిల్లాడి ఎడమచెయ్యి మణికట్టు దాకా ఎర్రగా కమిలి, బొబ్బలు లేస్తున్నాయి. మాలో ఒకడు టూత్‌పేస్టు తెచ్చాడు. తాత దాన్ని విసిరికొట్టి, "పేస్టు కాదు, నీళ్ళు కావాల" అని వాడి చేతిని పెరట్లో కుళాయి కింద పెట్టి, ఇరవై నిమిషాల పాటు వదల్లేదు. తర్వాత ఆసుపత్రిలోనూ చేసింది మంచి పనే అన్నారట.

ఇక్కడి దాకా జరిగింది తెలివితక్కువతనం. తర్వాత చేసింది తప్పు. వార్డెన్ సార్ వచ్చేలోగా మేం ఆ పిల్లాణ్ణి పక్కకి తీసుకెళ్ళి, "వంటింట్లో గంజి పడిందని చెప్పు. లేకపోతే మమ్మల్ని హాస్టల్లోంచి పంపేస్తారు" అన్నాం. వాడు మేం చెప్పినట్టే చెప్పాడు. చిన్నపిల్లాడు, మాకు భయపడ్డాడు. సార్‌కి కోపం వచ్చి, పిల్లలందరి ముందూ వంట పిన్నిని కేకలేశారు. "గంజి వార్చేటప్పుడు పిల్లల్ని దగ్గరికి ఎందుకు రానిచ్చావు? వాడికేమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు? మెమో ఇస్తాను" అన్నారు. పిన్నికి తెలుసు, ఆ రోజు అప్పటికింకా ఎసరే పెట్టలేదని. ఆమె పిల్లాడి వైపు చూసింది, మా వైపు చూసింది. ఏమీ అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం గుడ్డు కూర. పంక్తిలో మా దగ్గరికి వచ్చి అందరికీ వేసినట్టే మాకూ గుడ్డు వేసింది. "తిను నాయినా" అంది. ఆ ముద్ద మాలో ఎవరికీ దిగలేదు. వాచ్‌మన్ తాత కూడా సార్‌తో ఏమీ చెప్పలేదు. సాయంత్రం గేటు దగ్గర కూర్చుని, మమ్మల్ని చూడకుండానే, "ఆ అమ్మకి ఈ ఉజ్జోగం పోతే ఇంకోటి లేదు బాబూ" అన్నాడు.

స్టడీ అవరు గంట కొట్టకముందే వెళ్ళి సార్‌కి జరిగింది చెప్పేశాం. కొడతారనుకున్నాం. కొట్టలేదు. మమ్మల్ని తీసుకెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబెట్టి, "నాకు కాదు, ఈవిడకి చెప్పండి" అన్నారు. నిలబడ్డాం. తల దించుకున్నాం. తప్పయిపోయింది పిన్నీ అన్న మాట మాత్రం ఒక్కరి నోట్లోంచీ రాలేదు. ఆమే, "పోన్లెండి బాబూ, పిల్లలు" అంది.

వారం తిరిగి ఆదివారం వార్డెన్ సార్ కబురుపెడితే పెద్దన్న వచ్చాడు. పనిముట్ల సంచీతో వచ్చి, మెలిపెట్టిన వైర్లు చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి గీజరు మొత్తం విప్పాడు. మా సైన్సు పుస్తకంలో పాఠాలన్నీ ఆ రోజు ఆ బాత్రూములో కనబడ్డాయి.

"దీనికి ముగ్గురు కాపలాదార్లుంటారు" అన్నాడు. "మొదటివాడు థర్మోస్టాట్. నీళ్ళు 60 డిగ్రీల దగ్గరికి రాగానే కరెంటు ఆపుతాడు, చల్లారితే మళ్ళీ ఇస్తాడు. వీడు పాడైపోయాడు, ఆపడం మానేశాడు. వీడు ఆపకపోతే ఆపడానికే రెండోవాడు, కటౌట్. మీకు అడ్డం అనిపించినవాడు వీడే. పని చేస్తున్నది వీడొక్కడే, వీణ్ణే మీరు తీసేశారు. ఇక మిగిలింది ఈ ఇత్తడి వాల్వు. ప్రెషర్ కుక్కర్‌కి ఉన్నట్టే, లోపల ఒత్తిడి పెరిగితే వదిలేస్తుంది. ఇదిగో, సున్నం పట్టి సగం మూసుకుపోయింది. పూర్తిగా మూసుకుపోయి ఉంటే మీ తాత ఆ పిల్లాణ్ణి లాగేవాడు కాదు, ఇద్దరూ ఉండేవారు కాదు. మూసిన ట్యాంకులో నీళ్ళు 100 డిగ్రీలు దాటినా నీళ్ళలాగే ఉంటాయి. ట్యాంకు పగిలిందా, అదే క్షణంలో ఆవిరైపోతాయి. నీళ్ళు ఆవిరైతే 1600 రెట్లు పెరుగుతాయి. బాత్రూము గోడ ఆపుతుందా దాన్ని?"

మాకు ఒళ్ళు జలదరించింది.

తర్వాత ఎలిమెంటు బయటికి తీశాడు. రాగి రంగులో ఉండాల్సింది, తెల్లటి పెంకు కట్టి వేలు లావు అయింది. ట్యాంకు అడుగు నుంచి సిల్వరు గిన్నెడు సున్నం పెళ్ళలు వచ్చాయి. ఆ గలగల చప్పుడు అదేనన్నాడు. మన బోరు నీళ్ళు కఠిన జలం. అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు వేడికి విడిపోయి, కాల్షియం కార్బొనేటుగా అడుగున దిగుతుంది. అది వేడిని నీళ్ళలోకి పోనివ్వదు. కరెంటు ఖర్చవుతుంది, నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, చివరికి ఎలిమెంటు తన వేడికి తనే మాడిపోతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో ఎలిమెంటుని నానబెడితే బుసబుసమని నురగ వచ్చి, మధ్యాహ్నానికి పెంకు ఊడిపోయింది. ఆసిడ్‌తో సున్నం కలిస్తే బొగ్గుపులుసు వాయువు వస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, చూడటం అదే మొదటిసారి.

చివరిగా ఒక సన్నటి తీగలాంటిది చూపించి, "ఇదేమిటో చెప్పండి" అన్నాడు. ఎవరికీ తెలియలేదు. "ఇది మెగ్నీషియం కడ్డీ. బొటనవేలంత లావుండేది. అరిగిపోయి ఇంతయింది." ఇనుము కన్నా మెగ్నీషియం త్వరగా తుప్పుకి లోనవుతుంది. అందుకని ట్యాంకులో దీన్ని పెడితే తుప్పు ముందు దీన్ని తింటుంది, ట్యాంకు జోలికి పోదు. ఇది పూర్తిగా అయిపోయాక ట్యాంకు వంతు వస్తుంది. మన షిప్‌యార్డులో ఓడల అడుగున జింకు దిమ్మలు బిగించేదీ ఇందుకేనట. 1824లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త ఓడలకి కొట్టిన రాగి రేకుల కోసం కనిపెట్టిన ఉపాయం ఇది. మన ఊళ్ళో 1948లో నీళ్ళలోకి దిగిన 'జల ఉష' దగ్గర్నుంచీ ఎన్ని ఓడలు తయారయ్యాయి! ఉప్పునీళ్ళలో, ఉప్పుగాలిలో ఇనుముని కాపాడుకోవడం విశాఖ వాళ్ళకి కొత్త విద్య కాదు. అయినా మా నెత్తి మీద ఉన్న ఒక్క ట్యాంకులో ఆ కడ్డీ ఉంటుందని మాకెవరికీ తెలియదు.

ఎర్తు వైరు కూడా ఉప్పుగాలికి తిని, పిట్ దగ్గర తెగిపోయి ఉంది. పెద్దన్న తలపట్టుకున్నాడు. "ఇన్నాళ్ళు షాకు కొట్టకపోవడం మీ అదృష్టం. ఎర్తు లేకుండా తడి చేత్తో గీజరు ముట్టడమంటే పాము పుట్టలో చెయ్యి పెట్టడమే" అన్నాడు. పిట్ తవ్వించి, ఉప్పూ కట్టెబొగ్గూ వేయించి, కొత్త తీగ వేశాడు. థర్మోస్టాట్, కటౌట్, వాల్వు, మెగ్నీషియం కడ్డీ కొత్తవి బిగించాడు. ఖర్చులో సగం తను పెట్టుకున్నాడు. మిగతా సగం వార్డెన్ సార్ ఇచ్చారు. మేం మా సబ్బులకీ నూనెకీ ఇచ్చే కాస్మెటిక్ చార్జీల్లోంచి తలా కొంచెం తీసి ఇవ్వబోతే, "ఇది మీ దగ్గర తీసుకునేది కాదు" అన్నాడు.

ఒక లెక్క కూడా చేయించాడు. 25 లీటర్ల నీళ్ళు, 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి రావాలంటే ఎంత వేడి కావాలి? రెండు కిలోవాట్ల ఎలిమెంటుకి ఎంతసేపు పడుతుంది? సుద్దముక్కతో బాత్రూము గోడ మీదే వేశాం. సుమారు అరగంట, ఒక యూనిట్ కరెంటు. "ఆ అరగంట ఆగలేకే కదా ఇదంతా" అన్నాడు నవ్వుతూ. మాకు నవ్వు రాలేదు.

వెళ్ళేముందు గోడ మీద తన పేరు చూసి నిలబడ్డాడు. "తప్పు మీదొక్కరిదే కాదురా. నేనూ చేశాను. ఇచ్చాను, పేరు రాయించుకున్నాను, వెళ్ళిపోయాను. ఏడాదికో ఆదివారం వచ్చి దీన్ని విప్పి చూసుంటే ఆ పిల్లాడి చెయ్యి కాలేది కాదు. ఇవ్వడం ఒక రోజు పని. చూసుకోవడం అన్నాళ్ళ పని." సంచీలోంచి వంద పేజీల నోటు పుస్తకం తీసి మాకిచ్చాడు. గోడ మీద పేరు ఉన్నచోట సున్నం వేయించమని సార్‌కి చెప్పాడు.

ఆ పుస్తకానికి మేం "గీజరు పుస్తకం" అని పేరు పెట్టి అట్ట వేశాం. మొదటి పేజీలో పెద్దన్న చెప్పినవి రాశాం. ట్యాంకు నిండి, టాపులో నీళ్ళు ధారగా వచ్చాకే స్విచ్ వెయ్యాలి. స్విచ్ ఆపాకే బకెట్టు పెట్టాలి. నెలకోసారి, నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు, వాల్వు మీది మీట ఎత్తి నీళ్ళు వదులుతోందో లేదో చూడాలి. మూడు నెలలకోసారి మెయిన్ ఆపి, ట్యాంకు ఖాళీ చేసి సున్నం కడగాలి. ఏడాదికోసారి మెగ్నీషియం కడ్డీ, ఎర్తు చూపించాలి. మూత విప్పి వైరు ముట్టేది కరెంటు పని తెలిసినవాళ్ళే, పిల్లలు కాదు. ప్రతి డిసెంబరు చివరి ఆదివారం తొమ్మిదో తరగతి వాళ్ళకి పుస్తకం అప్పగించాలి. కింద అందరం సంతకాలు పెట్టాం. సంక్రాంతి సెలవులయ్యేసరికి గజ్జి పోయింది. చెయ్యి కాలిన పిల్లాడు మాకు తెలియకుండానే ఆ పుస్తకం చివరి పేజీలో బొమ్మ వేశాడు. గీజరు, దాని పక్కన ముగ్గురు పోలీసులు!

మేం వెళ్ళిపోయాక కూడా ఆ పుస్తకం బతికింది. ఎవరెవరో రాసుకుంటూ వచ్చారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖలో నిలబడ్డ చెట్టు లేదు, రోజుల తరబడి కరెంటు లేదు. మన హాస్టల్ మీది నీళ్ళ ట్యాంకు ఎగిరిపోయి పైపులు విరిగాయి. కరెంటు వచ్చిన రోజున జ్వరాలతో ఉన్న పిల్లల కోసం ఎవరో పెద్దవాళ్ళు గీజరు వెయ్యబోతే, తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు అడ్డుపడి, "నీళ్ళు నిండకుండా వెయ్యకూడదు సార్, పుస్తకంలో ఉంది" అన్నారట. టాపు తిప్పితే చుక్క రాలేదు. వేసి ఉంటే ఎలిమెంటు మాడిపోయేది. ఈ సంగతి పుస్తకంలోనే రాసి ఉంది, కింద ఆరుగురి సంతకాలతో. ఆ ఆరుగురూ ఎవరో మాకు తెలియదు. ఈ సంచిక చూస్తే ఒకసారి కలవండి తమ్ముళ్ళూ.

2016లో ట్యాంకు అతుకు దగ్గర కారడం మొదలైంది. ఉక్కునగరంలో ఒక వయసు, మన హాస్టల్లో పంతొమ్మిదేళ్ళు. అప్పటికి అది చెయ్యాల్సిన పని చేసేసింది. మా బ్యాచ్ వాళ్ళం తలా కొంత వేసుకుని ఐఎస్ఐ గుర్తు ఉన్న కొత్త గీజరు కొనిచ్చాం. ఫొటోలు దిగాం. స్వీట్లు పంచాం. ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం.

2024 జనవరిలో ఒక పని మీద హాస్టల్‌కి వచ్చి సిక్ రూములోకి తొంగిచూశాం. గీజరు తెల్లగానే ఉంది. దాని మీద విరిగిన చీపురు. వాల్వు చుట్టూ తెల్లటి సున్నం. పుస్తకం ఏదని అడిగితే అక్కడున్న పిల్లలకి తెలియదు. వెతగ్గా వెతగ్గా స్టోర్లో పాత రిజిస్టర్ల కింద దొరికింది. చివరిగా రాసిన తేదీ 2019 డిసెంబరు. ఆ మర్నాటి మార్చిలో కరోనాకి హాస్టళ్ళు మూసేశారు. ఆ ఏడాది పుస్తకం అందుకోవాల్సిన పిల్లలు ఇళ్ళ దగ్గరే ఉండిపోయారు. అక్కడ తెగిపోయింది.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పెద్దన్న 1997లో చేసిన తప్పే మేం 2016లో చేశాం. కాకపోతే మేం గోడ మీద పేరు రాయించుకోలేదు, అంతే తేడా. కరెంటు పని తెలిసిన మావాడు ఆ మధ్యాహ్నమే మెయిన్ ఆపి, విప్పి, కడిగాడు. మెగ్నీషియం కడ్డీ సగానికి పైగా అరిగిపోయింది, కొత్తది వేశాడు. తొమ్మిదో తరగతి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకున్నాం. ముగ్గురు కాపలాదార్ల కథ మళ్ళీ మొదలుపెట్టాం. కొత్త నోటు పుస్తకంలో పాత మొదటి పేజీ మళ్ళీ రాయించాం.

పాత విద్యార్థులైన అన్నలకీ, మిత్రులకీ ఒక మనవి. మన హాస్టల్‌కి ఫ్యాన్లు ఇచ్చారు, వాటర్ ఫిల్టరు ఇచ్చారు, బల్లలు ఇచ్చారు. అందరికీ నమస్కారం. ఇకమీద ఏది ఇచ్చినా దాంతోపాటు ఏడాదికి ఒక ఆదివారం కూడా ఇవ్వండి. మీరిచ్చిన ఫ్యాను తిరుగుతోందా, ఫిల్టరులో క్యాండిల్ మార్చారా, వచ్చి చూడండి. మనం చిన్నప్పుడు పాత వస్తువులతోనే పెరిగాం. పాతది కావడంలో అవమానం లేదు, చూసేవాడు లేకపోవడంలోనే ఉంది. ఈ డిసెంబరు చివరి ఆదివారం పొద్దున్న పది గంటలకి మేం అయిదుగురం సిక్ రూము దగ్గర ఉంటాం. వీలున్నవాళ్ళు రండి.

ఇంకొక్క మాట. వంట పిన్ని రిటైరై ఊరెళ్ళిపోయిందని, 2012లో పోయిందని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. వాళ్ళ పిల్లలో మనవలో ఎవరైనా ఈ సంచిక చూస్తారేమో తెలియదు. ఆ ఆదివారం ఆ గుమ్మంలో నిలబడి మేం అనలేకపోయిన మాట ఇక్కడ అచ్చులో అంటున్నాం.

ఆ రోజు గంజి పడలేదు. తప్పు మాది పిన్నీ. క్షమించు.